రోజుకు ఎన్ని డాలర్లు? అమెరికా యాత్రలో పైఖర్చుల లెక్క

విమానం టికెట్లు, వీసా ఫీజు, హోటల్ గదులు బయల్దేరకముందే తేలిపోతాయి. వాటికి రసీదులుంటాయి, ఎంతయిందో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. తికమకంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే. అక్కడ దిగాక రోజుకు చేతిఖర్చు ఎంత పెట్టుకోవాలి? ట్రావెల్ ఏజెంటును అడిగితే తలకు వంద డాలర్లంటారు. నిరుడు వెళ్లొచ్చిన ఆఫీసు మిత్రుడు యాభై చాలంటారు. కూతురి దగ్గర మూణ్నెల్లు ఉండి వచ్చిన పక్కింటి పిన్నిగారు తన చేత్తో పది డాలర్లయినా తియ్యలేదంటారు. ముగ్గురూ ఉన్నమాటే చెబుతున్నారు. కాకపోతే ముగ్గురూ చేసినవి మూడు వేర్వేరు ప్రయాణాలు.

ఈ సలహాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఒకటే. ‘తలకు ఇంత’ అన్న కొలత ఒంటరిగా పనిమీద వెళ్లేవారికి సరిపోతుంది, పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లే ఇంటికి సరిపోదు. కుటుంబం ఖర్చు మనుషుల లెక్కన కంటే రోజుల తీరును బట్టి మారుతుంది. నగరంలో కాళ్లరిగేలా తిరిగే రోజు ఒకలా, టికెట్ కొని పార్కులోకి వెళ్లే రోజు ఇంకోలా, కారులో ఏడు గంటలు కూర్చునే రోజు మరోలా ఉంటాయి. బంధువుల ఇంట్లో బట్టలు ఉతుక్కుని పప్పన్నం తినే రోజుకు వీటిలో దేనితోనూ పోలిక లేదు.

తలకు ఇంత అనే పద్ధతిని అన్నిటికంటే శ్రద్ధగా కట్టింది అమెరికా ప్రభుత్వమే. అక్కడి జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ ప్రభుత్వోద్యోగులు పనిమీద ఊళ్లు తిరిగితే ఇచ్చే భత్యాన్ని ఏటా ప్రకటిస్తుంది. 2025 ఆర్థిక సంవత్సరానికి భోజనం, చిల్లర ఖర్చుల కింద మామూలు ఊళ్లలో రోజుకు 68 డాలర్లు, న్యూయార్క్ లాంటి ఖరీదైన చోట 92 డాలర్లు ఖరారు చేశారు. ఆ 68లో పొద్దుటి టిఫినుకు 16, మధ్యాహ్నానికి 19, రాత్రి భోజనానికి 28, చిల్లరకు 5. పన్నూ టిప్పూ ఇందులోనే. బయల్దేరిన రోజుకు, తిరిగొచ్చిన రోజుకు నాలుగింట మూడు వంతులే ఇస్తారు. మూడు పూటలూ హోటల్లో కూర్చుని తినే పెద్దమనిషికి గరిష్ఠంగా ఎంత కావాలో చెప్పే అంకె ఇది. దాన్నే నలుగురికి అన్వయిస్తే న్యూయార్క్‌లో రోజుకు 368 డాలర్లు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది కాబట్టి లెక్కకు వీలుగా తొంభై అనుకుంటే 33 వేల పైమాట, అదీ తిండికే. ఏ కుటుంబమూ అంత తినదు. పిల్లలు సగం ప్లేటు వదిలేస్తారు, పొద్దుటి టిఫిను హోటల్ గది అద్దెలోనే వస్తుంది, ఒక పూట పెరుగన్నంతో గడిచిపోతుంది. ప్రభుత్వ లెక్కలో మనం తీసుకోవలసింది ఆ అంకెను కాదు. ఊరిని బట్టి, రోజును బట్టి అంకె మారాలన్న పద్ధతిని.

తిండి ఖర్చు ముందుగా వేసుకునేటప్పుడు చాలామంది పొరపాటు పడేది మెనూ ధర దగ్గర. మన దగ్గర ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. అక్కడ సేల్స్ టాక్స్ బిల్లు కొట్టేటప్పుడు పైన పడుతుంది, అది రాష్ట్రానికొక తీరు, ఊరికొక తీరు. న్యూయార్క్ నగరంలో 8.875 శాతం, టెక్సస్‌లోని చాలా ఊళ్లలో 8.25. ఒరెగాన్, మోంటానా, న్యూహాంప్‌షైర్, డెలావేర్‌లలో అసలు లేదు. న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్ వెళ్లే పెద్దదారి డెలావేర్ మీదుగానే పోతుంది. ఫోనో ల్యాప్‌టాపో కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఆ దారిలో ఆగడం మంచి పని. పాలు, కూరగాయలు, బియ్యం లాంటి సరుకులకు న్యూయార్క్, న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియాలలో ఈ పన్ను లేదు. అదే తిండి వండి వడ్డిస్తే ఉంటుంది. వండుకునే ఇంటికి, కొనుక్కుతినే ఇంటికి తేడా ఇక్కడే మొదలవుతుంది.

ఒక బిల్లును దగ్గరగా చూద్దాం. మన్‌హాటన్‌లో లెక్సింగ్టన్ అవెన్యూ మీద, 28వ వీధి చుట్టుపక్కల దక్షిణాది హోటళ్లు చాలా ఉన్నాయి. నలుగురు కూర్చుని దోసెలు, ఒక బిరియానీ, రెండు లస్సీలు తీసుకున్నారనుకోండి. మెనూ ప్రకారం 72 డాలర్లయింది. దానిమీద పన్ను 6 డాలర్ల 39 సెంట్లు. టిప్పు 18 శాతం వేస్తే 12 డాలర్ల 96 సెంట్లు. లేచేసరికి 91 డాలర్ల 35 సెంట్లు, మన డబ్బులో సుమారు 8,200. మెనూలో చూసినదానికి పావువంతు పైనే చేరింది. కాబట్టి కూర్చుని తినే ప్రతి పూటకూ మెనూ ధర మీద ముప్పై శాతం కలిపి రాసుకోవడం మేలు. ముప్పై ఎక్కువనిపించవచ్చు, కానీ పిల్లవాడు చివర్లో అడిగే ఐస్‌క్రీమ్ కూడా అందులోనే సర్దుకుంటుంది.

టిప్పు మీద మనవాళ్లలో రెండు వాదాలున్నాయి. మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం, ఇవ్వనక్కర్లేదనేది ఒకటి. అడిగినచోటల్లా ఇవ్వాలనేది రెండోది. రెండింటితోనూ నాకు పేచీ ఉంది. వడ్డించేవాళ్లకు ఇవ్వవలసిన కనీస వేతనం ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు, 1991 నుంచీ మారలేదు. మిగతాది టిప్పుల్లోంచే రావాలని ఆ చట్టం ఉద్దేశం. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు వాళ్లకూ పూర్తి కనీస వేతనం ఇప్పిస్తున్నాయి, కానీ చాలాచోట్ల టిప్పే ఆ మనిషి జీతం. మన పళ్లెం తెచ్చి, నీళ్లు నాలుగుసార్లు నింపిన మనిషికి ఎగ్గొట్టి ఆదా చేసే డబ్బు మనకొద్దు. కూర్చుని తింటే 15 నుంచి 20 శాతం తప్పనిసరి ఖర్చుగా వేసుకోవాలి. కాఫీ కౌంటరు దగ్గర తెరను మనవైపు తిప్పి 18, 20, 25 అని చూపిస్తే మాత్రం మొహమాటపడక్కర్లేదు, ‘నో టిప్’ నొక్కవచ్చు. ఆరుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి వెళితే చాలా హోటళ్లు టిప్పును ముందే బిల్లులో కలిపేస్తాయి. తాతయ్య, నాయనమ్మలతో వెళ్లే తెలుగు కుటుంబాలు ఈ లెక్కలోకే వస్తాయి. కింద మళ్లీ టిప్పు గడి కూడా ఉంటుంది కాబట్టి బిల్లు చదివి సంతకం పెట్టండి.

హోటల్ గదుల్లోనూ పైచేరికలున్నాయి. లాస్‌వేగస్‌లో రిసార్ట్ ఫీజు పేరుతో రాత్రికి నలభై యాభై డాలర్లు అదనంగా తీసుకోవడం మామూలు. బుకింగ్‌లో కనబడని ఈ రుసుమును మొదటే కలిపి చూపించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నిబంధన 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది. అందువల్ల ఇప్పుడు కొంత నయం. పార్కింగ్ మాత్రం విడిగానే ఉంటుంది. పెద్ద నగరాల నడిబొడ్డున రాత్రికి యాభై డాలర్లు దాటడం వింతేమీ కాదు. కారు ఉంటే సుఖమని అద్దెకు తీసుకుని, రెండ్రోజులు దాన్ని ఊరికే నిలబెట్టినందుకు వంద డాలర్లు కట్టే కుటుంబాలు చాలా ఉన్నాయి. న్యూయార్క్, వాషింగ్టన్‌లలో ఉన్నన్నాళ్లూ కారు వద్దనే నా సలహా. మన్‌హాటన్‌లో 60వ వీధికి దిగువకు కారు వెళితే 2025 జనవరి నుంచి పగటిపూట 9 డాలర్ల రుసుము పడుతోంది. న్యూజెర్సీ నుంచి వస్తే సొరంగం టోల్ దీనికి అదనం. సబ్‌వే టికెట్ 2026 జనవరి నుంచి 3 డాలర్లయింది. 44 అంగుళాల ఎత్తు లోపు పిల్లలకు ఉచితం. నలుగురు పోయి రావడానికి 24 డాలర్లు.

ఇక వండుకోవడం. మన కుటుంబాలు ఎక్కువగా నమ్ముకునేది దీన్నే, నేనూ చాలావరకు ఈ పక్షమే. ఎడిసన్‌లోని ఓక్‌ట్రీ రోడ్డులోనో, డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోలలోనో ఉంటే సోనామసూరి బియ్యం దగ్గర్నుంచి గోంగూర దాకా దొరుకుతాయి. 1974లో షికాగో డెవాన్ అవెన్యూలో ఒక్క దుకాణంగా మొదలైన పటేల్ బ్రదర్స్ కొట్లు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. వంటగదితో ఉండే ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్‌కు రాత్రికి ఇరవై డాలర్లు ఎక్కువైనా నలుగురికి ఒక పూట తిండిలోనే ఆ డబ్బు తిరిగొస్తుంది. అయితే మన ఇంటి నుంచి రైస్ కుక్కర్ మోసుకెళ్లకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్ అక్కడ పావువంతు శక్తితోనే పనిచేస్తుంది, అన్నం ఉడకదు. ఇరవై ముప్పై డాలర్లు పెడితే అక్కడి కుక్కరే వస్తుంది, వచ్చేటప్పుడు బంధువుల ఇంట్లో ఇచ్చి రావచ్చు. పొడులు, ఆవకాయ తీసుకెళ్లండి, కస్టమ్స్ దగ్గర తిండి పదార్థాలున్నాయని చెప్పండి. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసంతో చేసినవి లోపలికి రానివ్వరు.

శాకాహారులకు ఖర్చు కాస్త ఎక్కువ పడుతుందన్న మాట ఏ లెక్కలోనూ కనబడదు. ఎందుకంటే అక్కడ అన్నిటికంటే చవకైన తిండి గొడ్డుమాంసంతోనో పందిమాంసంతోనో ముడిపడి ఉంటుంది. కాస్ట్‌కోలో 1985 నుంచీ ధర మారని ఒకటిన్నర డాలరు హాట్‌డాగ్‌ను అందరూ ఆదాకు ఉదాహరణగా చెబుతారు, అది మన ఇళ్లలో చాలామందికి పనికిరాదు. కొన్ని పెద్ద చెయిన్లలో బంగాళదుంప వేపుడుకి కూడా గొడ్డుమాంసపు రుచి కలుపుతారు, అడిగి తెలుసుకోవలసిందే. అదే కాస్ట్‌కోలో రెండు డాలర్ల లోపు దొరికే చీజ్ పిజ్జా ముక్క ఒక మనిషికి సరిపోతుంది. టాకో బెల్‌లో మాంసం తీసేసి చిక్కుడు గింజలు వేయమంటే వేస్తారు. గుళ్ల క్యాంటీన్లను నేను చవక కోసమే కాకుండా రుచి కోసం కూడా సిఫారసు చేస్తాను. న్యూయార్క్ ఫ్లషింగ్‌లోని గణేశ దేవాలయం కింది అంతస్తులో దోసెలు తినడానికి దక్షిణాదివాళ్లే కాదు, ఊరంతా వస్తుంది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడిలోనూ పులిహోర, పెరుగన్నం దొరుకుతాయి. నీళ్లకు డబ్బు పెట్టకండి. కుళాయి నీళ్లు తాగవచ్చు, ఏ హోటల్లో అడిగినా ఉచితంగా ఇస్తారు. నలుగురికీ నాలుగు సీసాలు సంచిలో ఉంటే రోజుకు పది పదిహేను డాలర్లు మిగులుతాయి.

రోజుల రకాల దగ్గరికి వద్దాం. వాషింగ్టన్‌లో మూడు రోజులు తిరిగినా టికెట్లకు రూపాయి అక్కర్లేదు. స్మిత్‌సోనియన్ మ్యూజియంలు, జంతుప్రదర్శనశాల, నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ అన్నీ ఉచితమే. నయాగరా స్టేట్ పార్కులోకీ ఊరికే నడిచిపోవచ్చు. డబ్బు పడవకూ పార్కింగుకూ. న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమను దగ్గర్నుంచి చూడాలంటే టికెట్ పడవ, దూరం నుంచి చాలనుకుంటే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉచితం. ఆర్లాండో సంగతి పూర్తిగా వేరు. డిస్నీ పార్కుల్లో ఒక్కరోజు టికెట్టే రద్దీని బట్టి మనిషికి 120 నుంచి 200 డాలర్ల పైదాకా పోతుంది. మూడేళ్లలోపు పిల్లలకు తప్ప ఎవరికీ ఉచితం లేదు. ఆ టికెట్లను రోజు ఖర్చులో కలపకండి. విమానం టికెట్ల పక్కన పెద్ద ఖర్చుల్లో రాయండి. రోజు ఖర్చులోకి వచ్చేది పార్కింగ్, మనిషికి పదిహేను ఇరవై పడే మధ్యాహ్న భోజనం, ఐస్‌క్రీములు, పాప చేతిలో మెరిసే బొమ్మ. డిస్నీ లోపలికి మన తిండి తెచ్చుకోనిస్తారు. పులిహోర డబ్బా ఒకటి సంచిలో పెట్టుకుంటే యాభై డాలర్లు మిగులుతాయి, పెద్దవాళ్ల కడుపూ చల్లగా ఉంటుంది. బొమ్మకు మాత్రం ముందే పాతికో ముప్పయ్యో పక్కన పెట్టి, ఇది నీ డబ్బు అని పిల్లకు చెప్పండి. ప్రతి దుకాణం ముందూ జరిగే గొడవ తప్పుతుంది.

గ్రాండ్ కేన్యన్, యోసెమిటీ వైపు వెళ్లేవాళ్లు పాత లెక్కలు నమ్మకూడదు. 2026 జనవరి 1 నుంచి విదేశీయులకు రుసుములు మారాయి. ఏడాది పాసు అక్కడి నివాసులకు 80 డాలర్లే, బయటివాళ్లకు 250. పాసు లేకుండా వెళితే, జనం ఎక్కువగా వచ్చే పదకొండు పార్కుల్లో పదహారేళ్లు నిండిన ప్రతి విదేశీయుడూ మామూలు ప్రవేశ రుసుముకు తోడు వంద డాలర్లు అదనంగా కట్టాలి. ఇద్దరు పెద్దవాళ్లకు గ్రాండ్ కేన్యన్ ఒక్కటే కారు రుసుము 35తో కలిపి 235 అవుతుంది. రెండో పార్కు కూడా చూసేటట్టయితే పాసే నయం.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల విషయం ఈ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ‘మావాడు ఒక్క డాలరు ఖర్చు పెట్టనివ్వలేదు’ అన్నమాటలో ప్రేమ ఉంది. కానీ ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, కొడుకు కార్డు మీదికి మారింది. పైగా ఆ పెద్దవాళ్లు అక్కడున్నన్నాళ్లూ ఏదీ అడగకుండా గడిపి ఉంటారు. ఇండియన్ స్టోర్‌లో ఒకావిడ కరివేపాకు కవరు తీసి, రెండు డాలర్ల చీటీ చూసి, పెదవులు కదిపి లెక్కకట్టుకుని, మళ్లీ అరలో పెట్టేయడం అక్కడికి వెళ్లే ప్రతివాళ్లూ చూసే దృశ్యమే. నూట ఎనభై రూపాయలు! మన బజారులో కూరలు కొంటే కొసరుగా వేసే రెండు రెబ్బలకు అంత పెట్టడానికి ఆవిడకు మనసొప్పదు. ఆ వేళ ఇంట్లో చారు కరివేపాకు లేకుండానే కాగుతుంది. ఆవిడ పక్కన కొడుకు ఉన్నాడు, కొనేవాడే, కానీ ఆవిడ అడగదు. అందుకే వెళ్లే ముందే అమ్మ పేరున, నాన్న పేరున విడివిడిగా ఫారెక్స్ కార్డులు తీసుకుని, నెలకు రెండు మూడొందల డాలర్లు వేసి, అవి ఖర్చు పెట్టడానికేనని చెప్పి పంపాలి. గుడి హుండీకి, మనవడి పుట్టినరోజు బహుమతికి, కాఫీకి వాళ్ల చేత్తో వాళ్లు ఇవ్వగలగాలి.

ప్రతిదాన్నీ తొంభైతో గుణించే అలవాటుకు ఒక హద్దు గీసుకుంటే బాగుంటుంది. మొత్తం బడ్జెట్టును రూపాయల్లోకి మార్చి, మన తాహతుకు సరిపోతుందో లేదో ఇంట్లోనే కూర్చుని తేల్చుకోవాలి. అప్పుడు కటువుగానే ఉండాలి, అవసరమైతే ఒక ఊరు తగ్గించుకోవాలి. విమానం ఎక్కాక డాలర్లను ఆ రోజు డాలర్లతోనే పోల్చాలి. ఇంటికి తెచ్చుకునే వస్తువులకు మాత్రం గుణకారం ఉండాల్సిందే. ఆ బూట్లు హైదరాబాద్‌లో ఎంతకు వస్తాయో ఫోనులో చూసి కొనండి.

డబ్బు ఏ రూపంలో తీసుకెళ్లాలన్నది పెద్ద చిక్కు కాదు. కరెన్సీ నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లనిస్తారు, కానీ మూడు నాలుగొందలు చాలు. అందులో ఒకట్లు, అయిదులు ఎక్కువుండాలి. గది శుభ్రం చేసేవాళ్లకు, సామాను మోసేవాళ్లకు అవే కావాలి. బట్టలుతికే మెషీన్లకు పావలా నాణేలు దాచుకోండి. రోజు ఖర్చులకు ఫారెక్స్ కార్డు మంచిది, ధర ముందే ఖాయమవుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి పది లక్షల రూపాయలు దాటితే తప్ప దానిమీద టీసీఎస్ అనే ముందస్తు పన్ను పడదు. మామూలు క్రెడిట్ కార్డు గీకితే బ్యాంకులు రెండు నుంచి మూడున్నర శాతం మార్కప్, దానిమీద జీఎస్టీ వేస్తాయి. అయినా ఒక క్రెడిట్ కార్డు ఉండాలి. హోటల్లో, అద్దె కారు దగ్గర డిపాజిట్‌గా కొంత సొమ్మును కొన్నాళ్లు కార్డులో బిగించి ఉంచుతారు. ఫారెక్స్ కార్డు ఇస్తే మన తిండి డబ్బే అందులో ఇరుక్కుంటుంది. పెట్రోలు పంపులో మన కార్డును జిప్ కోడ్ అడిగి తిరస్కరిస్తే లోపల కౌంటరులో ముందే కట్టవచ్చు. వైద్య బీమాను ఈ లెక్కలో కలపకండి. దాన్ని వేరుగా, తప్పనిసరిగా తీసుకోండి. చిన్న జ్వరానికి అర్జెంట్ కేర్‌కు వెళ్లినా వందల డాలర్లవుతాయి.

ఇప్పుడు ఒక కుటుంబం లెక్క వేద్దాం. భార్యాభర్తలు, పన్నెండేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప, పన్నెండు రోజులు. న్యూజెర్సీలో బాబాయిగారి ఇల్లుంది. ఆ ఇంట్లో మెల్లగా గడిచే మూడు రోజులకు రోజుకు 80 డాలర్లు: సరుకులు, ఒక పూట బయటి భోజనం, గుడి. న్యూయార్క్, వాషింగ్టన్‌లలో తిరిగే అయిదు రోజులకు రోజుకు 200. నయాగరాకు కారులో పోయిరావడానికి రెండు రోజులు, పెట్రోలు, టోల్, దారిలో తిండి కలిపి రోజుకు 200. ఆర్లాండో పార్కుల్లో రెండు రోజులు, టికెట్లు కాకుండా రోజుకు 250. అన్నీ కూడితే 2,140. పదిహేను శాతం నిల్వ కలిపితే 2,460 డాలర్లు, అంటే రెండు లక్షల ఇరవై వేల రూపాయల చిల్లర. ఆఫీసు మిత్రుడు చెప్పిన తలకు యాభైకి మొత్తం దగ్గరగానే వచ్చింది. కానీ ఆయన లెక్క పట్టుకుని వెళితే పార్కు రోజున మధ్యాహ్నం మూడింటికే 200 అయిపోతాయి, మిగిలిన సాయంత్రమంతా తల్లి పిల్లలకు వద్దని చెబుతూ తిరగాలి. ఇంటి దగ్గర ఉన్న రోజున మాత్రం మిగిలిన డబ్బును ఏదో ఒకటి కొని ఖర్చుపెడతారు. బాబాయిగారి ఇల్లు లేకపోతే 80లు 150 అవుతాయి, ఆ మేరకు పైన కలుపుకోవాలి.

ఆరో రోజు రాత్రి ఒకసారి కూర్చుని లెక్క చూసుకోండి. రోజూ రాయనక్కర్లేదు, కార్డు యాప్‌లో ఉంటుంది. ఖర్చు మీరినట్టు కనిపిస్తే పార్కు రోజును కోసేయకండి, నగరంలో తిరిగే రోజుల్లో ఒకదాన్ని ఇంటి దగ్గరి రోజుగా మార్చండి. పిల్లలకూ ఆ విశ్రాంతి కావాలి. అద్దె కారు నడిపినవాళ్లకు టోల్ బిల్లులు అప్పటికప్పుడు రావు. కారు కంపెనీ తన సేవా రుసుము కలిపి, మనం ఇంటికి చేరిన కొన్ని వారాలకు కార్డు మీద వేస్తుంది. అందుకని నిల్వ సొమ్ములోంచి వంద డాలర్లను రెండు నెలల దాకా కదపకుండా ఉంచి, కార్డు స్టేట్‌మెంటును ప్రతి నెలా చూస్తూ ఉండాలి.